పలకలు వచ్చిన వేసవి

పలకలు వచ్చిన ఏడాది మా వీధిలో నెత్తురు చూడని గడప లేదు. ముందు జిగురక్క వేళ్ళు పోయాయి. ఆ రోజే మా ఆయన తల పగిలింది. ఆ తరువాత జరిగినవన్నీ మా ఇంట్లో మనుషుల మధ్య జరిగినవే కాబట్టి వరసగా చెప్పుకురావడం మంచిది.

పలకలంటే బలపంతో రాసుకునేవి కావు. బడిపిల్లలకి పుస్తకాలకి బదులుగా ఇచ్చిన యంత్రాలు. పేపర్లలో ఈ-రీడర్ అని రాశారు. మా వీధిలో ఆ పేరెత్తడం ఎవరికీ ఇష్టం లేక పలక అన్నారు. ఒక పిల్లాడు బడిలో చేరినప్పటి నుంచి బయటికొచ్చేదాకా చదవాల్సిన పుస్తకాలన్నీ అందులో పట్టేస్తాయట. తూకం చూస్తే టిఫిను డబ్బా మూతంత.

మా వీధి వీధంతా బడిపుస్తకాల ప్రెస్సు మీద బతికేది. నేను ఫారాలు మడిచేదాన్ని. పెద్ద కాగితం మీద పేజీలు కొన్ని తలకిందులుగా, కొన్ని అడ్డదిడ్డంగా అచ్చయి వస్తాయి. మడత మీద మడత వేసి చెక్క బద్దతో నొక్కుకుంటూ పోతే అవే వరసకొస్తాయి. మా ఆయన కటింగ్ మిషన్ మీద ఉండేవాడు. జిగురు ఆరిన పుస్తకాల దొంతరని బల్ల మీద సర్ది, రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కితే కత్తి దిగి అంచులు కోసేది. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే కత్తి కదలదు. వేళ్ళు పోకుండా పెట్టిన ఏర్పాటది. ప్రెస్సులో అందరూ మా ఆయన్నే కత్తి అని పిలిచేవాళ్ళు. మనిషి తీరూ అంతే. పైన ఉన్నంతసేపూ ఏమీ లేదు, దిగాడంటే మధ్యలో ఆగడు.

మామగారు అదే ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన కాలం మనిషి. చూపు నడిమధ్యన మచ్చ పడి కొన్నేళ్ళుగా చదువు పోయింది. "ఎదుటి మనిషి చెవులు రెండూ కనబడతాయి అమ్మాయ్, ముక్కు మాత్రం ఎవడో ఎత్తుకుపోయాడు" అనేవారు. సాయంత్రం పని నుంచి రాగానే ఆయనకి ఏదో ఒకటి చదివి వినిపించడం నా వంతు.

నాలుగో మనిషి మా తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక మా పంచనే పెరిగాడు. స్టీరింగు పట్టించిందీ, వ్యాను ఓనరు దగ్గర పనిలో పెట్టించిందీ మా ఆయనే. ప్రెస్సులో తయారైన పుస్తకాలని బడులకి తోలేవాడు. బావా బావమరుదులు ఒకచోట చేరితే ఇంట్లో ఇక రేడియో అక్కర్లేదు.

వేసవి మాకు పంటకాలం. బడులు తెరిచేలోపు కోట్ల పేజీలు మా చేతుల మీదుగా పోవాలి. ఆ ఏడాది కాగితం లారీలు రాలేదు. వాటికి బదులు గేటు మీద నోటీసొకటి వచ్చింది. మడత, కుట్టు, జిగురు విభాగాలు మూసేస్తున్నాం, కటింగ్ సంగతి తరువాత తెలియజేస్తాం అని.

"తరువాత అంటే ఏంటండీ?" అన్నాను నేను.

"మేకని కోశాక కత్తిని కడుగుతారు కదా, అదీ" అన్నాడు మా ఆయన.

మర్నాడే గేటు ముందు టెంటు వేశాం.

సమ్మె మొదలైన కొత్తల్లో తమ్ముడికీ పని లేదు. పగలంతా వ్యాను తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒక మాట చెప్తాను. ముద్ద నోట్లో పెట్టుకో ముందు. నోరు ఖాళీగా ఉంటే తిడతావు."

"ముద్ద మింగాక కూడా తిట్టగలను. చెప్పరా."

"ఓనరుకి కొత్త కిరాయి దొరికింది. రేపట్నుంచి బండి తియ్యమన్నాడు."

"మంచిదే కదా. ఏం సరుకు?"

తమ్ముడు నా వంక చూశాడు. "పలకలు."

మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఇంకోసారి చెప్పు."

"బావా, బండికి బరువొక్కటే తెలుసు. లోపలున్నది కాగితమో కరెంటో దానికేం తెలుసు?"

"బండికి తెలీదు. తోలేవాడికి తెలియాలి కదరా."

"నేను మానేస్తే ఇంకొకడు తోలతాడు."

"తోలితే వాడి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు తోలితే మీ అక్క ఏ మొహం పెట్టుకుని టెంటులో కూర్చుంటుంది?"

"అక్క మొహం బాగానే ఉంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎవడో ఒకడు పని చెయ్యాలి కదా బావా."

ఆ ఒక్కమాట లేకపోతే తిట్లతో పోయేది. కంచం గాల్లోకి లేచి తమ్ముడి చెవి పక్కగా వెళ్ళి గోడకి కొట్టుకుంది. మెతుకులు వాడి జుట్టంతా చిమ్మాయి.

"ఏమిట్రా ఆ చప్పుడు?" మామగారు తల తిప్పారు.

"చెయ్యి జారింది నాన్నా."

"చెయ్యి జారితే కంచం కింద పడుతుందిరా. గోడ మీద పడదు."

తమ్ముడు మెతుకులు దులుపుకుని లేచి గోడ తుడిచాడు. తెల్లారాక వ్యాను తీశాడు.

ఆ వారంలోనే ప్రెస్సు యజమాని మిషన్లు అమ్మేస్తున్నాడని తెలిసింది. వాటిని ఎక్కించుకుపోవడానికి లారీలు వస్తే మేం గేటుకి అడ్డంగా కూర్చున్నాం. ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు వెనక. ఆడవాళ్ళ మీద చెయ్యి వెయ్యరులే అన్న నమ్మకం అది. లోపలి నుంచి వచ్చినవాళ్ళు పోలీసులు కారు. బాడుగ మనుషులు. చేతుల్లో ఇనప గొట్టాలు. ఎండ అప్పటికే నెత్తి మీదికొచ్చింది. వాళ్ళలో ఒకడు నోటికడ్డంగా గుడ్డ కట్టుకుని, గుడ్డలోంచే నవ్వుతున్నాడు.

జిగురక్క గేటు కడ్డీ పట్టుకుని కదలనంది. ఆవిడ అసలు పేరు మాలో సగం మందికి తెలియదు. ఎప్పుడూ జిగురు డబ్బా ముందు కూర్చుని, ఎవరికి గొడవొచ్చినా మధ్యలో దూరి అతికించే మనిషి. "మా చేతుల్తో చేసిన కంపెనీరా ఇది, చేతులు తియ్యను" అంది. నవ్వుతున్నవాడు గేటుని బలంగా మూశాడు. ఆవిడ చెయ్యి ఆ సందులో ఉందని వాడికి తెలుసు. తెలిసే, భుజం ఆనించి మరోసారి నెట్టాడు.

ఆ కేక విని మా ఆయన మమ్మల్ని దాటుకుని ముందుకి దూకాడు. వాడి మెడ పట్టుకుని తలని గేటుకేసి కొట్టాడు, ఒకసారి కాదు. వెనక నుంచి ఎవడో గొట్టంతో మా ఆయన తల మీద మోదాడు. మనిషి మోకాళ్ళ మీద కూలి, మళ్ళీ లేచి, మళ్ళీ కూలాడు. టెంటుకి కట్టిన బ్యానరు చింపి తలకి అదిమి పట్టుకున్నాను. అందులో అక్షరాలు ఎర్రవే, ఇప్పుడు గుడ్డంతా ఎర్రనైంది. రాళ్ళు లేచాయి. లారీ అద్దాలు పగిలాయి. ఒక డ్రైవరు పళ్ళు రాలాయి. లారీలు ఖాళీగా తిరిగిపోయాయి కాబట్టి గెలిచాం అన్నారు.

జిగురక్కకి రెండు వేళ్ళు తీసేశారు. తల కుట్టించుకుని వచ్చిన మా ఆయన నోరు కూడా కుట్టించుకున్నట్టయ్యాడు. అడిగితే ఊఁ, లేకపోతే అదీ లేదు. ఉదయం పోయి టెంటులో కూర్చోవడం, చీకటి పడుతుంటే వచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం.

నేనూ పగలంతా టెంటులోనే ఉండేదాన్ని. మామగారికి చదివి వినిపించే ఓపిక ఉండేది కాదు. ఆయన అడగలేదు. అడగకపోవడం తమ్ముడు గమనించాడు.

ఒక మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి వాడు మామగారి పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో పలక ఉంది. మూల చొట్టపడిందని ఏదో బడివాళ్ళు తిప్పి పంపినదట. ఓనరు ఉంచుకోమన్నాడట.

"ఎంత పెద్దవి చేస్తావురా అక్షరాలు?" అంటున్నారు మామగారు.

"మీరు చాలనేదాకా మామయ్యా."

"ఇంకా."

"ఇదిగో."

"ఇంకా చెయ్యి. ఆఁ... ఆగు, ఆగు!"

పలక నిండా నాలుగే మాటలున్నాయి. ఒక్కో అక్షరం జామకాయంత. మామగారు ముఖం పక్కకి తిప్పి, కంటి కొసతో, కోడి గింజని చూసినట్టు చూశారు. తరువాత చదివారు. కూడబలుక్కుంటూ, ఒక్కో మాటనీ రెండేసిసార్లు తడుముకుంటూ. ఏదో బడిపాఠం. వాన ఎలా కురుస్తుందో చెప్పే పాఠం. కొంతసేపయ్యాక గట్టిగా నవ్వారు.

"ఇక్కడ ఒత్తు పోయిందిరా! ఎవడు దిద్దాడో గాడిద."

"మీకు కనబడిందా మామయ్యా?"

"కనబడబట్టే కదరా తిడుతున్నాను. తప్పు పట్టుకుని ఎన్నేళ్ళయిందో!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

అప్పటిదాకా టెంటులో కూర్చుని ఆ పలకలకి శాపనార్థాలు పెట్టి వచ్చినదాన్ని నేను. గుమ్మంలో నిలబడితే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది దేని మీదో తేల్చుకోలేకపోయాను.

"మామయ్యా, మీ అబ్బాయి వచ్చేలోపు లోపల పెట్టెయ్యండి" అన్నాను.

"చదువుకోడానికి కొడుకు దగ్గర దాక్కోవాలా అమ్మాయ్ నేను?"

"ఈ నాలుగు రోజులూ ఆయన మనిషిగా లేరు. తెలుసు కదా మీకు."

ఊఁ అన్నారు. కొన్నాళ్ళు మా ఆయన లేనప్పుడే చదివారు. పలకలో ఉన్న పాఠాలన్నీ, లెక్కల పుస్తకంతో సహా. రైలు ఎప్పుడు చేరుతుందో నన్ను లెక్క కట్టమనేవారు.

జిగురక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు మా ఆయన ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. ఆవిడ కట్టు విప్పి చూపించిందట. అక్కణ్ణుంచి టెంటుకి పోకుండా తిన్నగా ఇంటికొచ్చాడు. పట్టపగలు. మామగారు కిటికీ దగ్గర కూర్చుని పైకి చదువుతున్నారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ వాకిట్లో చెప్పుల చప్పుడు విని లోపలికి పరిగెత్తాను.

"ఏంటది?" అంటున్నాడు మా ఆయన.

"పుస్తకం."

"పుస్తకమైతే ఇలా ఇవ్వు. అంచు నేను కోసిందేనేమో చూస్తాను."

"ఇవ్వను."

"నాన్నా, నేను జిగురక్క చెయ్యి చూసి వస్తున్నాను. నీ చేతిలో అది చూడలేను. ఇచ్చెయ్యి."

"ఆవిడ వేళ్ళు తీసింది మనుషులురా. ఇది కాదు."

"దీనికోసమే కదా తీసింది!"

"ఒరేయ్, నువ్వు ఇన్నేళ్ళుగా కోసి కట్టలు కట్టి పంపినవాటిలో ఒక్కటంటే ఒక్కటి నాకు కనబడిందా? ఇది కనబడుతోంది. నీ సమ్మె నువ్వు చేసుకో. నా కళ్ళ జోలికి రాకు."

మా ఆయన పలక పట్టుకుని లాగాడు. మామగారు రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. ముసలి చేతుల్లో అంత పట్టు ఉందని ఎవరనుకుంటారు? మా ఆయన మెలితిప్పాడు. టప్‌మని చప్పుడైంది. పలక విరిగిందనుకున్నాను.

పలక విరగలేదు. అది మా ఆయన చేతిలోకి వచ్చింది. గడప మీదేసి కొట్టి, చెప్పుకాలితో తొక్కాడు. తెర పగిలి నల్లని గీతలు పాకాయి. ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. మామగారు ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, దాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తున్నారు. మణికట్టు కింద అది వెళ్ళకూడని వైపుకి వేలాడుతోంది.

పక్కనున్న పీట ఎత్తి మా ఆయన వీపున వేశాను. రెండోసారి భుజం మీద. మూడోది తలకి తగిలి కుట్లు విడిపోయాయి. నెత్తురు చెంప మీదికి కారింది. తిరిగి నా మీద చెయ్యెత్తుతాడనుకుని పీట అడ్డం పెట్టుకున్నాను. ఎత్తలేదు. అప్పుడే తండ్రి చెయ్యి చూశాడు. పలకని తొక్కిన కాలు వెనక్కి తీసుకుని, వెనక్కి నడిచినట్టే నడిచి వీధిలోకి పోయాడు.

మామగారిని వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది తమ్ముడే.

"బావ కావాలని చెయ్యలేదు కదక్కా" అన్నాడు దారిలో.

"కావాలని చెయ్యకపోతే ఎముక విరగదా?"

వాడు గేరు మార్చాడు.

ఆ రోజు నుంచి మా ఆయన ఇంటికి రాలేదు. టెంటులోనే పడక. నేను టెంటుకి వెళ్ళేదాన్ని, ఆడవాళ్ళ వైపు కూర్చునేదాన్ని. మా మధ్య ఒక తాడు కట్టి ఉండేది, పందిరి కూలకుండా కట్టిన తాడు. ఇద్దరం దాన్ని దాటలేదు.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. పలకల ఆఖరి లోడు పాత వంతెన మీదుగా వెళ్తుందనీ, అది పోయిందంటే సమ్మె కూడా పోయినట్టేననీ టెంటులో గుసగుసలు మొదలయ్యాయి. వంతెన దగ్గర ఆపాలన్నారు. ఆపి ఏం చెయ్యాలో ఎవరూ పైకి అనలేదు. సుత్తులు మాత్రం పంచుకున్నారు.

ఆ ఉదయం నేను వ్యానుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇవాళ తియ్యకురా. వంతెన దగ్గర కాస్తున్నారు."

"బావ ఉంటాడా?"

"ముందుండేదే ఆయన."

"మరింకేం భయం? బావ ఉన్నచోట నా మీద ఈగ వాలనిస్తాడా?"

"నీకు పిచ్చా? సొంత తండ్రి చెయ్యి విరిచిన మనిషిరా."

"అందుకేనక్కా. ఇంకోసారి చెయ్యడు" అని నా భుజాలు పట్టుకుని పక్కకి జరిపాడు.

వ్యాను పెద్ద రోడ్డు చుట్టి రావాలి. నేను అడ్డదారిన పరిగెత్తాను. కాలికి చెప్పు ఎక్కడ ఊడిందో తెలియదు.

నేను చేరేసరికే వంతెన మొదట్లో రాళ్ళు అడ్డం దొర్లించి ఉన్నాయి. వ్యాను ఆగిపోయి ఉంది. వెనక తలుపులు ఊడబెరికి అట్టపెట్టెలు లాగి పడేస్తున్నారు. పలకలు రోడ్డు నిండా చెల్లాచెదరుగా పడ్డాయి. మా మడత విభాగం ఆడవాళ్ళు, రోజూ నా పక్కన కూర్చునేవాళ్ళు, సుత్తులెత్తి కొడుతున్నారు. ఒకామె వంగి ఒక్కో పలకనీ సరిచేసి పెట్టి మరీ కొడుతోంది, పనిలో పడ్డ మనిషిలాగా. ఎవడో డబ్బా తెచ్చి వ్యాను వెనక భాగంలో పెట్రోలు పోశాడు.

తమ్ముడు ముందు సీట్లో తలుపులు బిగించుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మనుషులు రెండు వైపులా చేరి వ్యానుని ఊపుతున్నారు.

"దిగరా!" మా ఆయన ముందు నిలబడి అరుస్తున్నాడు. చేతిలో కటింగ్ మిషన్ నుంచి ఊడదీసిన ఇనప కడ్డీ ఉంది. "దిగి పో ఇక్కణ్ణుంచి!"

"దిగితే తగలబెడతారు బావా. బండి నాది కాదు."

"బండి తగలబడితే తగలబడనీ. నువ్వు దిగు!"

"దిగను."

"దిగమంటున్నానా లేదా!"

తమ్ముడు నవ్వాడు. భయపడ్డ నవ్వో, బావతో ఎప్పుడూ నవ్వే నవ్వో, ఇప్పటికీ చెప్పలేను. మా ఆయన రెండు చేతులూ ఒకేసారి పైకి లేవడం చూశాను. "వద్దండీ!" అని అరిచాను. కడ్డీ దిగింది.

పాత బండి, పాత అద్దం. పలుకులు పలుకులుగా లోపలికి చిమ్మింది. తమ్ముడి రెండు చేతులూ ముఖం మీదికి పోయాయి. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది. వ్యాను ఊపుతున్నవాళ్ళు చేతులు తీసేశారు. సుత్తులు ఆగాయి. అయితే వెనకనున్నవాడికి ముందు జరిగింది తెలియదు. వాడు అగ్గిపుల్ల గీశాడు.

మంట ఒక్కసారిగా లేచింది. మా ఆయన కడ్డీ పారేసి, పగిలిన అద్దంలోంచే నడుందాకా దూరి, తమ్ముణ్ణి చంకల కింద పట్టి బయటికి లాగాడు. అద్దం ముక్కలకి ఇద్దరి ఒళ్ళూ చీరుకుపోయాయి. ఆవేశం చల్లారని ఒకడు తమ్ముడి కాలి మీద కర్రతో కొట్టబోతే మా ఆయన కాలితో వాడి పొట్టలో తన్నాడు. వాడు రోడ్డు మీద దొర్లాడు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని పరుగు తీశాడు. వెనకాలే నేను.

"మెల్లగా బావా, తల తిరుగుతోంది" అంటున్నాడు తమ్ముడు.

"నోరు ముయ్యరా. నోరు ముయ్యి. మాట్లాడకు" అంటూ ఏడుస్తున్నాడు మా ఆయన.

ఆసుపత్రిలో తమ్ముడికి ఒక కన్ను తీసేశారు. రెండోదానికి ఫరవాలేదన్నారు డాక్టరు.

పోలీసు అధికారి వచ్చేసరికి తమ్ముడికి తెలివొచ్చింది. మంచానికి ఇటు నేను, అటు గోడకానుకుని మా ఆయన. ఒంటినిండా కట్లు, చొక్కా నిండా ఎవరిదో ఎవరికీ తెలియని నెత్తురు.

"అద్దం పగలగొట్టింది ఎవరు బాబూ?" అని అడిగాడు అధికారి.

"ఎండ కళ్ళల్లో పడింది సార్. చూడలేదు."

అధికారి మా ఆయన వైపు తిరిగాడు. "మంటల్లోంచి తీసి మోసుకొచ్చింది నువ్వేనట కదా. నువ్వు లేకపోతే కుర్రాడు దక్కేవాడు కాదు. ఎవరో చూశావా?"

మా ఆయన తన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"మీరు అక్కడున్నారా అమ్మా?"

"ఉన్నాను."

దుప్పటి కింద తమ్ముడి చెయ్యి నా వేళ్ళని వెతికి పట్టుకుంది. గట్టిగా నొక్కింది, వద్దు అన్నట్టు. నా ఎదురుగా వాడి ముఖానికి సగం కట్టు. కట్టు కింద ఏమీ లేదని నాకు తెలుసు.

"మా ఆయన" అన్నాను.

అధికారి కాస్త విసుక్కున్నాడు. "మోసుకొచ్చింది మీ ఆయనమ్మా. పగలగొట్టింది ఎవరని అడుగుతున్నాను."

"రెండూ ఆయనే."

వానలు మొదలయ్యాయి. బడులు తెరిచారు. మాడిపోయినవి పోగా మిగిలిన పలకలు ఇంకో వ్యానులో వెళ్ళాయి. టెంటు గుడ్డ గాలికి చిరిగితే కుట్టే మనిషి లేక అలాగే వదిలేశారు. మిషన్లని ఇనుముగా తూచి అమ్మేశారు.

పొయ్యి వెలగాలి కదా. పలకల గోడౌనులో పలకలకి తొడుగులు వేసే పనికి ఆడవాళ్ళు కావాలంటే వెళ్ళాను. మొదటిరోజు జిగురక్క తన వాకిట్లో నిలబడి నేను వెళ్తుంటే ఉమ్మింది. వానాకాలం ముగిసేలోపు ఆవిడే వచ్చి, "అక్కడ ఒంటిచేత్తో చేసే పనేమైనా ఉంటుందా?" అని అడిగింది. ఇప్పుడు నా పక్కనే కూర్చుంటుంది. తమ్ముడికి స్టీరింగు ఇవ్వడానికి ఏ ఓనరూ ఒప్పుకోలేదు. వాడు గోడౌనులోనే సరుకు దించే పనిలో కుదిరి, మొదటి జీతంతో మామగారికి కొత్త పలక కొన్నాడు.

మామగారి చెయ్యి అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. ఎడమచేత్తో పలక పట్టుకుని పొద్దస్తమానం చదువుతారు. కథలు, ప్రయాణాలు, యుద్ధాలు, ఏది దొరికితే అది. కొడుకు పేరు మాత్రం ఆయన నోట రాలేదు. మొదటిసారి జైలుకి బయల్దేరుతూ, "మామయ్యా, ఆయన్ని చూడ్డానికి వెళ్తున్నాను. ఏమైనా చెప్పమంటారా?" అన్నాను. ఆయన చదువుతున్నది ఆపలేదు. గొంతు మాత్రం కాస్త పెంచారు.

జైల్లో మా మధ్య ఇనప జాలీ ఉంది. మా ఆయన చిక్కిపోయాడు. తల మీద కుట్లు పడ్డచోట జుట్టు మొలవలేదు.

"వాడెలా ఉన్నాడు?"

"బాగున్నాడు. వస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఇల్లెలా గడుస్తోంది?"

"పలకల గోడౌనులో పని చేస్తున్నాను."

దవడ బిగుసుకుంది. మెల్లగా వదులైంది. "ఇంట్లో బట్టలు కుట్టుకుంటున్నానని చెప్పొచ్చు కదా నాకు" అన్నాడు.

"ఎందుకు చెప్పాలి?"

"ఎందుకంటే..." ఆగాడు. జాలీలో వేళ్ళు దూర్చాడు. "వాడు చెప్పడని నాకు తెలుసు. నువ్వు చెప్తావని అనుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ళతో, పక్కింటివాళ్ళతో, నవ్వుతూ ఎన్ని అబద్ధాలాడేదానివి. నాకోసం ఒక్కటి ఆడలేకపోయావా?"

"ఆడేదాన్నే. వాడి కన్ను నా ఎదురుగా ఉంది."

తల దించుకున్నాడు. వెనక నిలబడ్డ కాపలావాడు టైమైపోయిందన్నట్టు తాళాలు కదిపాడు. మా ఆయన వెళ్ళడానికి లేచి, మళ్ళీ వంగి ముఖం జాలీకి ఆనించాడు.

"నాన్న చెయ్యి?"

"అతుక్కుంది."

"తిన్నగానేనా?"

"తిన్నగానే."

"నన్ను అడుగుతున్నాడా?"

"రోజూ అడుగుతున్నారు" అన్నాను. "ఇవాళ బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చారు. వాణ్ణి వేళకి తినమని చెప్పు అమ్మాయ్, అన్నారు."

మా ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తరువాత తల ఊపి, సరేనని నాన్నకి చెప్పు అని, కాపలావాడి ముందు నడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.